ఒక్క ఫ్లోరిన్ పెడితే కొత్త మందు అవుతుందా?

నమస్కారం. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు విషయం మందుల పేటెంట్లు. నా చేతిలో ఉన్నది సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రల స్ట్రిప్పు. క్లాక్ టవర్ దగ్గర మందుల దుకాణంలో కొన్నది. గత నెల డిగ్రీ పిల్లలకు దీని నిర్మాణం బోర్డు మీద గీశాను. రెండు వలయాలు, వాటి చుట్టూ కొన్ని కొమ్మలు, ఆరో స్థానంలో ఎఫ్ అనే అక్షరం. మర్రిగూడ నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, మా నాయనమ్మ మోకాళ్లు వంచిన ఫ్లోరిన్ ఇదేనా?"

ఈ జిల్లాలో ఆ ప్రశ్నకు తూచి జవాబు చెప్పాలి. మూలకం అదే తల్లీ, కానీ ఉన్న తీరు వేరు అన్నాను. మన బోరు నీళ్లలో ఉండేది ఫ్లోరైడ్ అయాన్. గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి కరిగి నీటిలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లను ఏళ్ల తరబడి తాగితే పళ్లనూ ఎముకలనూ పట్టుకుంటుంది. మాత్రలోని ఫ్లోరిన్ మాత్రం కార్బన్‌కు అతుక్కుని ఉంటుంది. కార్బన్ వేసే ఒంటి బంధాల్లో అంత గట్టిది అరుదు. అందుకే ఐదు రోజులు సిప్రో వాడినవారి ఎముకలు వంగవు.

అయితే అక్కడితో ఆపితే ఆ అమ్మాయికి సగం నిజమే చెప్పినట్టు. వోరికోనజోల్ అని ఫంగస్ మీద వాడే మందు ఉంది. దాని అణువులో మూడు ఫ్లోరిన్లు ఉంటాయి. అవయవ మార్పిడి తర్వాత దాన్ని నెలల తరబడి వాడిన కొందరిలో రక్తంలో ఫ్లోరైడ్ పెరిగి, ఎముకల నొప్పులు వచ్చాయని వైద్యులు నమోదు చేశారు. దాని అన్న లాంటి ఫ్లూకోనజోల్‌లోనూ రెండు ఫ్లోరిన్లు ఉన్నాయి, దానికి ఈ చిక్కు తెలియదు. అంటే ఫ్లోరిన్ ఏ అణువులో, ఏ మూల కూర్చుంటే ఏం చేస్తుందో ముందే చెప్పడం కష్టం. చేసి చూడాలి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ఈ రోజు పేటెంట్ల సంగతంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

పేటెంట్ పత్రంలో క్లెయిమ్ అంటే ఏమిటి? మన భూమి కాగితాల్లో హద్దుల పేరా ఉంటుంది కదా. తూర్పున ఫలానా వారి చెలక, పడమర వాగు, ఉత్తరాన బండ్ల బాట. క్లెయిమ్ అలాంటి పేరా. ముందు రెండు వందల పేజీల వివరణ ఉన్నా, చివరి క్లెయిమ్‌లలో గీసిన హద్దులోపలే హక్కు. ఆ హద్దు లోపలికి ఇంకెవరూ 20 ఏళ్లు రాకూడదు. పరీక్షించే అధికారి, అంటే ఎగ్జామినర్, చేసే పని సర్వేయర్ పని: గీసిన గీత లోపల దరఖాస్తుదారు నిజంగా దున్నిన నేల ఎంత?

రసాయనాల్లో ఈ గీతను ఒక ప్రత్యేక పద్ధతిలో గీస్తారు. దాన్ని మార్కుష్ క్లెయిమ్ అంటారు. 1924లో అమెరికాలో యూజీన్ మార్కుష్ అనే రంగుల రసాయనవేత్తకు వచ్చిన పేటెంట్ వల్ల ఆ పేరు నిలిచింది. ఒక అణువు చట్రం గీసి, నాలుగు చోట్ల ఆర్1, ఆర్2, ఆర్3, ఆర్4 అని రాస్తారు. ఒక్కో చోట హైడ్రోజన్, ఫ్లోరిన్, క్లోరిన్, మిథైల్, ట్రైఫ్లోరోమిథైల్ వంటివి పది ఉండవచ్చని అంటారు. లెక్క వేయండి. పదిని నాలుగుసార్లు గుణిస్తే 10,000. నాలుగు అక్షరాలతో పదివేల సమ్మేళనాలకు కంచె వేసినట్టు. ఈ పద్ధతి అసలే వద్దని నేను అనను. ఒకే పని చేసే దగ్గరి అణువులను ఒక మాటలో చెప్పడానికి అది కావాలి. కానీ ప్రయోగశాలలో తయారు చేసినవి నలభై అయితే, కంచె పదివేలకు ఎలా పడింది?

ఇక్కడే దరఖాస్తుదారులు రెండు మాటలు చెబుతారు. "హైడ్రోజన్ తీసి ఫ్లోరిన్ పెట్టారు, అది అందరికీ తట్టేదే కదా" అని ఎగ్జామినర్ అంటే, "కాదు, ఫ్లోరిన్ ప్రభావం ఊహకు అందదు, అందుకే ఇది ఆవిష్కరణ" అని జవాబిస్తారు. సరే. "మరి నలభై చేసి పదివేలు ఎందుకు అడిగారు?" అంటే, "మిగతావీ ఇలాగే పనిచేస్తాయి, నిపుణులకు అది తెలుస్తుంది" అంటారు. అవ్వా కావాలి, బువ్వా కావాలి! ఊహకు అందనిదైతే చేసి చూడని 9,960 మీద హక్కు లేదు. ఊహకు అందేదైతే ఆ మార్పిడిలో ఆవిష్కరణ లేదు. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమని ఎగ్జామినర్ గట్టిగా అడగాలి. నేను ఈ వీడియో చేస్తున్నది ఈ ఒక్క మాట కోసమే.

చట్టంలో ఆ అధికారం ఉంది. మన 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 10 ప్రకారం క్లెయిమ్‌లు స్పష్టంగా ఉండాలి, వివరణలో వెల్లడించిన విషయం మీద న్యాయంగా ఆధారపడాలి. సెక్షన్ 3(డి) ఇంకా ముందుకు వెళ్తుంది. తెలిసిన పదార్థానికి కొత్త రూపం కనిపెట్టినంత మాత్రాన చాలదు, సమర్థత పెరగాలి. లవణాలు, ఐసోమర్లు (అవే పరమాణువులు వేరే అమరికలో), మెటబొలైట్లు (ఒంట్లో మందు మారి అయ్యేవి), ఇతర ఉత్పన్నాలు సమర్థతలో గణనీయమైన తేడా చూపకపోతే పాత పదార్థం కిందే లెక్క. మందులకు ఉత్పత్తి పేటెంట్లు, అంటే తయారీ పద్ధతికి కాక మందుకే ఇచ్చే పేటెంట్లు, 2005 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చినప్పుడు ఈ సెక్షన్‌కు ఇప్పటి రూపం వచ్చింది. 2013 ఏప్రిల్ 1న గ్లివెక్ అనే క్యాన్సర్ మందు కేసులో సుప్రీంకోర్టు, మందు విషయంలో సమర్థత అంటే చికిత్సా సమర్థతేనని తేల్చింది. "మా పాత పేటెంట్ పరిధిలోకి వస్తుంది గానీ, అందులో వెల్లడి కాలేదు" అన్న కంపెనీ వాదననూ కోర్టు ఒప్పుకోలేదు. హద్దు లోపల ఉందని ఒకసారి, బయట ఉందని ఇంకోసారి చెప్పడం కుదరదన్నమాట. మార్కుష్ క్లెయిమ్‌లు చదివేవారికి ఆ తీర్పులో ఎక్కువగా పనికొచ్చేది ఈ భాగమే అని నా అభిప్రాయం.

ఫ్లోరిన్ ఉన్న మందు మీదే పెద్ద గొడవ జరిగింది. హెపటైటిస్ సి మందు సోఫోస్‌బువిర్. దాని చక్కెర వలయంలో ఒకే కార్బన్ మీద ఒక మిథైల్, ఒక ఫ్లోరిన్ ఉంటాయి. అమెరికాలో 12 వారాల చికిత్సకు 84,000 డాలర్లు ధర పెట్టారు, అంటే మాత్ర వెయ్యి డాలర్లు. 2015 జనవరిలో మన పేటెంట్ కార్యాలయం దీనికి సంబంధించిన ఒక దరఖాస్తును తిరస్కరించింది. తెలిసిన దగ్గరి సమ్మేళనం కంటే చికిత్సలో మెరుగు చూపలేదన్నది కారణం. ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టి మళ్లీ చూడమంది. 2016 మేలో పేటెంట్ వచ్చేసింది. ఒకే పత్రం, ఒకే ఫ్లోరిన్, ఏడాదిన్నరలో రెండు జవాబులు. ఇందులో మనిషి విచక్షణ ఎంత, రసాయనం ఎంత ఉందో అప్పుడే నాకు అర్థమైంది.

ఫ్లోరిన్ పెట్టడం ఉత్త మాయ అని మాత్రం అనుకోకండి. యురాసిల్‌లో ఒక్క హైడ్రోజన్ బదులు ఫ్లోరిన్ పెడితే 5-ఫ్లోరోయురాసిల్. 1957 నాటి ఆ క్యాన్సర్ మందును ఇప్పటికీ వాడుతున్నారు. ఈ సిప్రోకు తాత లాంటి నాలిడిక్సిక్ ఆమ్లంలో ఫ్లోరిన్ లేదు. అది ఎక్కువగా మూత్రనాళ ఇన్ఫెక్షన్లకే పనికొచ్చేది. ఆరో స్థానంలో ఫ్లోరిన్, ఏడో స్థానంలో పైపరజీన్ వలయం వచ్చాక ఆ కుటుంబం బలం పూర్తిగా మారింది. అలాంటి తేడా అంకెల్లో చూపించినవారికి పేటెంట్ ఇవ్వాల్సిందే. కానీ ఈ మార్పిడి 1950ల నుంచి రసాయనవేత్తల చేతిలో ఉన్న పాత పనిముట్టు. పనిముట్టు వాడినందుకు కాదు, వచ్చిన పంటకు హక్కు ఇవ్వాలి.

మనకెందుకు ఇదంతా అంటారా? జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్, ఇటు చౌటుప్పల్ చుట్టుపక్కల మందుల యూనిట్లు. నా దగ్గర చదివిన పిల్లల్లో చాలామంది అక్కడ రియాక్టర్ల దగ్గరా, నాణ్యత పరీక్షల గదుల్లోనూ పనిచేస్తున్నారు. ఎవరూ తయారు చేయని అణువులకు కూడా కంచె పడితే, చిన్న కంపెనీ ఆ వైపు అడుగు వేయడానికే భయపడుతుంది. నిజంగా 41వ సమ్మేళనం చేసి, అది మేలని చూపించే కుర్రవాడికీ అదే కంచె అడ్డం.

తెలంగాణ దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. సాధారణంగా 18 నెలలు దాటాక దరఖాస్తు ప్రచురిస్తారు. ఆపైన పేటెంట్ మంజూరయ్యే లోపు సెక్షన్ 25(1) కింద ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు. ఎవరైనా అంటే రోగులైనా, మీరైనా. 2024 నిబంధనల సవరణతో దానికి రుసుము పెట్టారు, అభ్యంతరం విచారణకు తగినదా అని ముందే చూసే మెట్టు కూడా చేర్చారు. రోగుల సంఘాలు వాడుకునే తలుపు అది. దాన్ని ఇరుకు చేయడం తప్పని గట్టిగా నమ్ముతున్నాను.

చదవడం ఎలా అంటారా? పత్రాలు పేటెంట్ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి. క్లెయిమ్‌లు చదివాక నేరుగా ఫలితాల పట్టికకు వెళ్లండి. చాలాసార్లు అక్కడ అంకెలే ఉండవు. ఎ, బి, సి అని గ్రేడులు, లేదా మూడు ప్లస్ గుర్తులు. పనిచేయడానికి చాలే గాఢత పది నానోమోలార్ (గాఢతకు కొలమానం, ఎంత తక్కువైతే మందు అంత బలం) లోపు ఉన్నవన్నీ ఎ అని రాస్తారు. ఒకటి ఎంత, తొమ్మిది ఎంత అన్న తేడా అందులోనే మాయం. ఒకే చట్రం మీద, ఒకే స్థానంలో, ఒక వరుసలో హైడ్రోజన్, దాని కింది వరుసలో ఫ్లోరిన్ ఉండి, రెండింటికీ అసలు అంకెలు ఇచ్చారా అని వెతకండి. ఆ జంట వరుసలు కనబడకపోతే, అభ్యంతర పత్రంలో మొదటి పేరా దాంతోనే మొదలుపెట్టండి.