ఎపిసోడ్ 63: డెమో ముందు వణుకు

అన్న: రికార్డవుతోంది. ఫ్యాను ఆపావా?

చెల్లి: ఆపాను అన్నా. కిటికీ కూడా వేశాను. పై ఫ్లాటు వాళ్ళు పొద్దుట్నుంచి గోడలు తవ్విస్తున్నారు, పనివాళ్ళు ఇప్పుడే భోజనానికి దిగారు. వాళ్ళు మళ్ళీ పైకెక్కేలోపు మనం అయిపోవాలి.

అన్న: అయితే పెసరట్టు రూల్, వేడి తగ్గేలోపు గబగబా కానిచ్చెయ్యాలి.

చెల్లి: పెసరట్టు రూలే. సరే, ఇవాళ్టి విషయం. మన శ్రోత ఒకాయన వాయిస్ మెసేజ్ పెట్టాడు. డేటాబేస్ అడ్మిన్, 11 ఏళ్ళ అనుభవం. వచ్చే గురువారం ఆఫీసులో 200 మంది ముందు 20 నిమిషాలు మాట్లాడాలట. "పక్క సీటు వాడికి చెప్పమంటే గంటసేపు చెప్తానండీ, మైకు చేతికిస్తే మాత్రం నోరు ఎండిపోతుంది, నాకు తెలిసిందే నాకు గుర్తురాదు" అన్నాడు. నాలుగు రోజులుగా నిద్ర లేదట. మొదటి వాక్యం రాసి పంపాడు, అది చివర్లో చూద్దాం.

అన్న: పక్క సీటు వాడికి గంట చెప్తానన్నాడు చూడు, అసలు సంగతి అక్కడే ఉంది. పక్క సీటు వాడు ఊరికే వినడు. "ఆగాగు, అదేంటి?" అంటాడు, మొహం చిట్లిస్తాడు, మనం వెనక్కెళ్ళి ఇంకోలా చెప్తాం. స్టేజీ మీద ఆ అడిగేవాడు ఉండడు కదా. అందుకే నేను ఎప్పట్నుంచో...

చెల్లి: బుర్రకథలో వంత.

అన్న: వంతే! తెనాలి దగ్గర మా పెదనాన్నగారి ఊళ్ళో చిన్నప్పుడు చూసేవాళ్ళం. మధ్యలో కథకుడు తంబురా పట్టుకుని, అటు ఒక వంత, ఇటు ఒక వంత గుమ్మెటలతో. కథకుడు ఎక్కడో పెద్ద మాట అనగానే హాస్యం చెప్పే వంత "అంటే ఏంటి గురూ?" అని అడుగుతాడు. జనం మనసులో ఉన్న ప్రశ్న అదే. బుర్రకథకి పేరైన నాజర్ గారి లాంటి మహానుభావుడు కూడా వంతలు లేకుండా కథ నడపలేదు. మన ఇంజినీరు మాత్రం ఒంటరిగా నిలబడి 40 స్లైడ్లు చదివేసి దిగిపోతాడు. స్లైడు తయారు చేసేటప్పుడే ప్రతి దాని పక్కన వంత ఏమడుగుతాడో రాసుకోవాలి, నేను చెప్పేది అంతే.

చెల్లి: ఇది బావుంది అన్నా, నిజంగా. ఆయన గురువారానికి ఇదొక్కటి చేసినా చాలు. సరే, రెండో పాయింటు వణుకు గురించి...

అన్న: ఒక్క నిమిషం. వంత అంటే గుర్తొచ్చింది, ఇది చెప్పకుండా ముందుకెళ్ళలేను. ఫిజిక్స్ శాస్త్రవేత్త ఫైన్‌మన్ గ్లాసు కథ తెలుసు కదా?

చెల్లి: ఐసు నీళ్ళదేగా. చాలెంజర్.

అన్న: 1986 జనవరి 28న అమెరికా స్పేస్ షటిల్ చాలెంజర్ పైకి లేచిన 73 సెకన్లకి ముక్కలైపోయింది, ఏడుగురు పోయారు. తర్వాత కమిషన్ వేశారు, ఫిబ్రవరి 11న టీవీ కెమెరాల ముందు విచారణ. రాకెట్ ముక్కల అతుకుల్లో రబ్బరు రింగులుంటాయి, మన కుక్కర్ గాస్కెట్ లాంటివే అనుకో, వేడి గ్యాసు బయటికి రాకుండా. చలికి అవి బిగుసుకుపోయాయా లేదా అనేది ప్రశ్న. కమిషన్ సభ్యుడైన ఫైన్‌మన్ ఆ రోజు పొద్దున్నే షాపుకెళ్ళి చిన్న బిగింపు క్లాంపు కొనుక్కున్నాడు. అతుకు నమూనా ఒకటి చేతులు మారుతూ వస్తే అందులోంచి రబ్బరు ముక్క తీసి, క్లాంపులో నొక్కి, తాగడానికిచ్చిన ఐసు నీళ్ళలో ముంచాడు. బయటికి తీసి క్లాంపు వదులు చేస్తే రబ్బరు నొక్కిన చోట నొక్కుకుపోయినట్టే ఉంది, వెంటనే తిరిగి రాలేదు. అయిపోయింది. స్లైడు లేదు, లెక్క లేదు. దేశం మొత్తానికి అర్థమైంది.

చెల్లి: ఇందులో వంత ఎవరు?

అన్న: అదే చెప్పబోతున్నా! పక్కన ఇంకో కమిషన్ సభ్యుడు జనరల్ కుటీనా కూర్చున్నాడు. ఫైన్‌మన్ ఆత్రంగా మైకు బటన్ నొక్కబోతే "ఇప్పుడు కాదు" అని ఆపి, ఫలానా స్లైడు వచ్చినప్పుడు అని చూపించాడు. ఆ సమయానికి చెప్పాడు కాబట్టే అది అంత గట్టిగా తగిలింది. ఒక మనిషి పక్కనుండి "ఇప్పుడు, ఇప్పుడు కాదు" అనడం ఎంత పెద్ద విషయమో చూడు. నాకేమనిపిస్తుందంటే, జనవరి 27 రాత్రి, ప్రయోగానికి ముందు రోజు, ఆ రాకెట్లు తయారు చేసిన కంపెనీ ఇంజినీర్లలో ఒక్కడి చేతిలో ఆ గ్లాసు ఉండి ఉంటే...

చెల్లి: ఆగండి. అక్కడ ఆగండి.

అన్న: ఏమ్మా?

చెల్లి: వాళ్ళు చెప్పలేదా? చెప్పారు. ఆ రాత్రి నాసాతో ఫోన్ మీటింగులో 53 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే చల్లగా ఉంటే ఎగరేయొద్దని ఆ కంపెనీ ఇంజినీర్లు రాతపూర్వకంగా చార్టుల్లో పెట్టారు. మన లెక్కలో 12 డిగ్రీలు. వాళ్ళలో బోయిస్‌జోలీ అనే ఆయన అంతకు ఆరు నెలల ముందే, 1985 జులైలో, ప్రాణాలు పోతాయని మెమో రాశాడు. ఆ రాత్రి ముందు ప్రయోగాల్లో మసి పట్టిన అతుకుల ఫోటోలు బల్ల మీద పెట్టి మేనేజర్లకి చూపించాడు. ఇంకేం చెయ్యాలి మనిషి? ఐదు నిమిషాలు లైను కట్ చేసుకుంటామని చెప్పి అరగంట మాట్లాడుకుని, ఇంజినీరు టోపీ తీసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకోమని ఒకాయనకి చెప్పి, మాట మార్చేశారు. అది మాట్లాడ్డం రాకపోవడం కాదు అన్నా, వినకపోవడం.

అన్న: వినలేదు, ఒప్పుకుంటా. కానీ కమిషన్ రిపోర్టులోనే ఒక లెక్క ఉంది. 66 డిగ్రీలు, అంతకంటే వెచ్చగా ఉన్న రోజుల్లో ఎగిరినవి 20. వాటిలో మూడింటికే రింగులు దెబ్బతిన్నాయి. అంతకంటే చల్లగా ఉన్నప్పుడు ఎగిరినవి నాలుగు, నాలుగింటికీ దెబ్బ. ఈ ఒక్క ముక్క ఒక్క కాగితం మీద ఆ రాత్రి ఎవరి ముందూ లేదు. సమాచారమంతా ఉంది, పది చోట్ల ముక్కలుగా ఉంది.

చెల్లి: సాయంత్రానికి తయారు చెయ్యమన్నారు చార్టులు! గంటల్లో! మీరూ అదే మాట అంటున్నారు, "ఇంకాస్త బాగా చెప్పి ఉండాల్సింది" అని. నేను ఈ మాట విన్నాను. నాకు చెప్పారు ఈ మాట.

అన్న: ఆ పాత కంపెనీలోనా?

చెల్లి: అవును. ఇక్కడ ఎప్పుడూ చెప్పలేదు నేను. పేమెంట్లు చూసే టీమ్. రిలీజుకి ముందు టెస్టింగులో చూశాను, నెట్‌వర్క్ తెగి మళ్ళీ కలిస్తే అదే రిక్వెస్టు ఇంకోసారి వెళ్తోంది. రివ్యూలో స్లైడు పెట్టాను, 22 స్లైడ్లలో 14వది. మీటింగులో చెప్పాను, తర్వాత మెయిల్ పెట్టాను, లిఫ్టు దగ్గర కూడా చెప్పాను. "దృష్టిలో పెట్టుకుంటాం" అన్నారు. శుక్రవారం సాయంత్రం వదిలారు. శనివారం నుంచి ఫోన్లు. ఒక పెద్దాయన హాస్పిటల్ బిల్లు కట్టాడట, రెండుసార్లు డబ్బు కట్ అయింది, మందులకి డబ్బుల్లేవు అని సపోర్టు వాళ్ళ దగ్గర ఏడ్చాడు. ఆ కాల్ నేను విన్నాను. తర్వాత నా పనితీరు రివ్యూలో ఏం రాశారో తెలుసా? "కమ్యూనికేషన్ మెరుగుపరుచుకోవాలి" అని.

(కొద్దిసేపు మౌనం)

అన్న: నాకు తెలియదమ్మా ఇది.

చెల్లి: అందుకే ఆ గ్లాసు కథ ఎవరు చెప్పినా నాకు కడుపు మండుతుంది. గ్లాసు చూపించింది ప్రమాదం అయ్యాక. నోబెల్ వచ్చిన మనిషి, కమిషన్ సభ్యుడు. ఆయన మాట ఎలాగూ వింటారు. ఆ రాత్రి ఫోన్‌లో ఉన్నవాళ్ళకి ఆ హోదా లేదు.

అన్న: ఇది నిజం. ఇంకో సంగతి కూడా నీ వైపే ఉంది. చలికీ రింగులకీ ఉన్న సంబంధం కాగితం కుటీనా చేతికి రహస్యంగా ఇచ్చింది శాలీ రైడ్, ఆయన దాన్ని ఫైన్‌మన్ దాకా చేర్చాడు. ఆవిడా కమిషన్‌లో ఉంది, వ్యోమగామి, అయినా పైకి చెప్పే వీలు లేకపోయింది. ఆవిడ చనిపోయాక గానీ ఆ సంగతి బయటికి రాలేదు. అంటే ఎవరు చెప్తే వింటారు అనేది వాళ్ళకీ తెలుసు.

చెల్లి: మరి?

అన్న: ఒక్కటి అడుగుతా, కోప్పడకు. ఆ 14వ స్లైడులో ఏం రాశావు? మాట మాటగా గుర్తుందా?

చెల్లి: గుర్తుంది. "డూప్లికేట్ రీట్రై అవకాశం, మీడియం రిస్క్."

అన్న: "ఒక్క బిల్లుకి రెండుసార్లు డబ్బు పోతుంది" అని ఆ గదిలో ఎవరైనా అన్నారా?

చెల్లి: ...లేదు. నేను కూడా అనలేదు.

అన్న: తప్పు నీది అనట్లేదు. నువ్వు మూడుసార్లు చెప్పావు, వినాల్సిన బాధ్యత వాళ్ళది, నీ రివ్యూలో ఆ మాట రాయడం అన్యాయం. కానీ మనం ఎందుకు అలా రాస్తాం? మెత్తగా, నలుగురికీ ఇబ్బంది లేకుండా? ఇంకో షటిల్ కొలంబియా చూడు, 2003. మన కల్పనా చావ్లా ఉన్నది. రెక్కకి ఫోమ్ ముక్క తగిలింది, ఎంత ప్రమాదమో ఇంజినీర్లు స్లైడు వేశారు. శీర్షిక చదివితే పర్వాలేదన్నట్టుంటుంది. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, ఇక్కడ తగిలిందనుకున్నది 1920. అంటే 640 రెట్లు! ఆ 3, 1920 అంకెలు ఎక్కడున్నాయో తెలుసా, స్లైడు అట్టడుగున, చివరి వరసలో. దర్యాప్తు రిపోర్టులో ఈ స్లైడు గురించి ప్రత్యేకంగా రాశారు. ఆ గదిలో ఒక్క వంత ఉండి "అంటే ఏంటి గురూ, 640 రెట్లా?" అని అడిగి ఉంటే...

చెల్లి: అడగనివ్వాలి కదా అన్నా. బుర్రకథలో వంత అడిగితే కథకుడు సంతోషిస్తాడు. మన మీటింగుల్లో అడిగితే "అది ఆఫ్‌లైన్‌లో చూద్దాం" అంటారు.

అన్న: ఊఁ.

చెల్లి: కాబట్టి మాట్లాడే వాళ్ళకి ట్రైనింగ్ ఇస్తున్నట్టే వినే వాళ్ళకీ ఇవ్వాలి. మాట్లాడ్డం నేర్పే టోస్ట్‌మాస్టర్స్ లాంటి క్లబ్బులు 1924 నుంచి ఉన్నాయి, "ఆ", "అమ్" ఎన్నిసార్లు అన్నావో లెక్కపెట్టి మరీ చెప్తారు, మంచిదే, నాకూ ఉపయోగపడింది. మేనేజరు ఒక ఇంజినీరు మాటకి ఎన్నిసార్లు అడ్డం వచ్చాడో ఎవరైనా లెక్కపెడుతున్నారా?

అన్న: ఎవరూ పెట్టట్లేదు. పెట్టాలి. ఇది వేరే ఎపిసోడ్ అమ్మా, ఇది చిన్న విషయం కాదు.

చెల్లి: సరే. ఆయన ఎదురు చూస్తుంటాడు, టైమ్ అయిపోతోంది. గబగబా చెప్పేద్దాం. వణుకు పూర్తిగా పోదు, మొదటి రెండు నిమిషాలు ఉంటుంది, ఉండనివ్వండి. మొదటి మూడు వాక్యాలు మాత్రం కంఠతా పట్టండి, మిగతాది వద్దు, మొత్తం బట్టీ పడితే ఒక్క మాట జారినా అంతా పోతుంది. కనీసం మూడుసార్లు నిలబడి, గొంతెత్తి చెప్పి చూడండి, మనసులో అనుకోవడం ప్రాక్టీసు కాదు.

అన్న: ఒకసారి ఇంట్లో తెలుగులో చెప్పండి. అమ్మకో, ఆవిడకో. సగం మందికి భయం స్టేజీ అంటే కాదు, ఇంగ్లిష్ అంటే. తెలుగులో కథ నిలబడితే ఇంగ్లిష్‌లో వ్యాకరణం తప్పినా ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో వాళ్ళు "అంటే ఏంటి?" అన్న ప్రతిచోటా గుర్తు పెట్టుకోండి.

చెల్లి: వాళ్ళే వంత.

అన్న: నువ్వే అన్నావు, నేననలేదు!

చెల్లి: లైవ్ డెమో అయితే ముందే రికార్డు చేసిన వీడియో దగ్గర పెట్టుకోండి, ఆ రోజే వైఫై పోతుంది. ప్రశ్న అడిగితే దాన్ని మళ్ళీ గట్టిగా చెప్పి అప్పుడు జవాబివ్వండి, వెనక వరసకి వినపడుతుంది, మీకు ఆలోచించుకునే టైమ్ కూడా దొరుకుతుంది. తెలియకపోతే తెలియదని చెప్పి, ఎప్పటికి చెప్తారో చెప్పండి. సరే, ఆయన మొదటి వాక్యం చదువుతున్నా. "ఈ రోజు నేను మా డేటాబేస్ మైగ్రేషన్ ప్రయాణంలో ఎదురైన సవాళ్ళు, పరిష్కారాల గురించి మాట్లాడబోతున్నాను."

అన్న: ఊఁహూఁ. అసలు ఏం జరిగిందట?

చెల్లి: కింద రాశాడు. జీతాల లెక్క నెలాఖరు రాత్రి 6 గంటలు నడిచేదట, మధ్యలో ఆగిపోతే పొద్దున జీతాలు పడేవి కాదట. ఇప్పుడు 40 నిమిషాలు.

అన్న: అబ్బా! అదే చెప్పమను. ఆ 200 మందికీ జీతం పడాలి కదా, వాళ్ళ జేబులోంచే మొదలు పెట్టాలి. రాయి. "నెలాఖరు రాత్రి మీరంతా నిద్రపోతున్నప్పుడు..."

చెల్లి: "...మీ జీతం 6 గంటలపాటు ఒక సర్వరులో ఇరుక్కుని ఉండేది."

అన్న: మళ్ళీ చదువు.

చెల్లి: "నెలాఖరు రాత్రి మీరంతా నిద్రపోతున్నప్పుడు, మీ జీతం 6 గంటలపాటు ఒక సర్వరులో ఇరుక్కుని ఉండేది. అది ఆగిపోకుండా చూడ్డానికి నేను మేలుకుని ఉండేవాణ్ణి."

అన్న: ఈ రెండో వాక్యం నువ్వు కలిపావా?

చెల్లి: ఆయన వాయిస్ మెసేజ్‌లో ఉంది, మధ్యలో ఎక్కడో, ఊరికే అన్నట్టు అనేశాడు. స్లైడుల్లో మాత్రం లేదు.

అన్న: అది పైకి రావాలి. ఇప్పుడు మూడోది...

(పై అంతస్తులో డ్రిల్లింగ్ శబ్దం)

చెల్లి: వచ్చేశారు. వినపడుతోందా మైకులో?

అన్న: బాగా వినపడుతోంది. ఆపెయ్. మూడో వాక్యం ఆయనకి ఫోన్ చేసి చెప్దాం, నంబరు నీ దగ్గరుందా?

చెల్లి: ఉంది, ఉండండి, ముందు ఇది ఆప