బోర్డు మీద నెల రేటు, చేతి నుంచి పోయే ఏడాది ఖర్చు: హనుమకొండ అమ్మాయిల హాస్టళ్లపై చర్చ

(చర్చలో పాల్గొన్నవారు: యూనివర్సిటీ హాస్టళ్లలో పనిచేసిన విశ్రాంత వార్డెన్, మెస్ లెక్కలు చూసే అకౌంటెంట్, ప్రైవేటు లేడీస్ హాస్టల్ నిర్వాహకురాలు)

వ్యాఖ్యాత: నమస్కారం. అడ్మిషన్లు మొదలయ్యాయంటే కాకతీయ యూనివర్సిటీ (కేయూ) క్రాస్‌రోడ్డు నుంచి నయీంనగర్, కిషన్‌పుర దాకా ఎటు చూసినా లేడీస్ హాస్టల్ బోర్డులే. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, మంచిర్యాల నుంచి కూతుర్ని తీసుకొచ్చిన తల్లిదండ్రులు ఫోన్ చేసి మొదట అడిగేది "నెలకు ఎంత?" అని. అకౌంటెంట్ గారూ, ఆ ఒక్క ప్రశ్న సరిపోతుందా?

అకౌంటెంట్: సరిపోదండి. దానికంటే ముందు "ఏడాదికి ఎన్ని నెలలు కట్టించుకుంటారు?" అని అడగాలి. రెండు హాస్టళ్లు ఉన్నాయనుకుందాం. మొదటిదాంట్లో నెలకు 4,500, రెండోదాంట్లో 5,200. ఎవరైనా మొదటిదే చవక అంటారు. కానీ అక్కడ 12 నెలలూ కట్టాలి, అంటే 54,000. చేరేటప్పుడు తిరిగి ఇవ్వని మెయింటెనెన్స్ 1,500. కరెంటు వేరే, నెలకు 250 చొప్పున పది నెలలకు 2,500. మొత్తం 58,000. రెండోదాంట్లో పది నెలలే కట్టాలి, కరెంటు అందులోనే. సెలవుల్లో సీటు ఉంచినందుకు నెలకు 1,000 చొప్పున రెండు నెలలకు 2,000. మొత్తం 54,000. నెలకు 700 ఎక్కువ ఉన్న హాస్టలే ఏడాదికి 4,000 తక్కువకు వచ్చింది.

వ్యాఖ్యాత: మేడం, పిల్లలు లేని నెలలకు డబ్బు తీసుకోవడం ఎంతవరకు న్యాయం?

నిర్వాహకురాలు: పిల్లలు ఇంటికి పోయినా బిల్డింగ్ కిరాయి ఆగదు సార్. వంటమనిషిని రెండు నెలలు వద్దంటే మళ్ల దొరకదు, ఆమెకు ఎంతో కొంత ఇయ్యాలె. అందుకే సీటు పట్టి ఉంచినందుకు కొంత అడుగుతం. కానీ పూర్తి రేటు తీసుకునుడు మాత్రం తప్పే. అన్నం పెట్టనప్పుడు ఆ పైసలు ఎట్ల తీసుకుంటరు? రేటుల కిరాయి ఎంత, తిండి ఎంత అని విడగొట్టి చెప్పమనండి. చెప్పనోళ్ల దగ్గర సెలవుల లెక్క ఎప్పటికీ తెగదు.

వ్యాఖ్యాత: యూనివర్సిటీ హాస్టళ్లలో లెక్క వేరే కదా మేడం?

వార్డెన్: అక్కడ డివైడింగ్ పద్ధతి. నెలంతా సరుకులకు, గ్యాసుకు, కూరగాయలకు, వంటవాళ్ల జీతాలకు అయిన ఖర్చును ఆ నెల అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తారు. లాభం ఎవరికీ పోదు కాబట్టి మామూలుగా ఇదే చవక. అయితే కొన్ని నెలల్లో బిల్లు ఎందుకు పెరుగుతుందో పిల్లలకు తెలియక గొడవలవుతాయి. వంద మంది ఉన్నారనుకోండి. జీతాల వంటి స్థిర ఖర్చు 60,000, సరుకులు మనిషికి రోజుకు 50. అందరూ 30 రోజులు తింటే మూడు వేల రోజులు. జీతాల భాగం రోజుకు 20, మొత్తం 70. బతుకమ్మ, దసరా సెలవుల నెలలో పదిహేను రోజులే తిన్నారనుకుంటే జీతాల భాగం 40 అవుతుంది, రోజుకు 90 పడుతుంది. మేడారం జాతర నెలలో కూడా ఇంతే. స్టోర్ రూములో దొంగతనం జరిగిందని అనుమానించే ముందు ఈ భాగహారం చేసి చూడాలి.

అకౌంటెంట్: మెస్ కట్, అంటే తినని రోజులకు బిల్లు తగ్గించడం గురించి కూడా చెప్పండి మేడం. అక్కడే చాలామంది నష్టపోతారు.

వార్డెన్: అవును. ఊరికి పోయినంత మాత్రాన బిల్లు తగ్గదు. పోయే ముందే లీవ్ లెటర్ ఇచ్చి మెస్ రిజిస్టర్‌లో రాయించాలి. కనీసం ఇన్ని రోజులు ఊళ్లో లేకపోతేనే కట్ ఇస్తామనే నియమం ఉంటుంది, అది ఎన్ని రోజులో చేరినప్పుడే అడిగి తెలుసుకోవాలి. తిరిగొచ్చాక చెబితే ఎవరూ ఒప్పుకోరు, ఎందుకంటే ఆ రోజు బియ్యం కొలిచి పోసేశారు.

వ్యాఖ్యాత: ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్ల సంగతి?

వార్డెన్: ఎస్సీ, ఎస్టీ, బీసీ పోస్ట్‌మెట్రిక్ హాస్టల్‌లో సీటు వస్తే ఇక పోల్చి చూసే పనే లేదు, అక్కడే చేరాలి. వసతి, భోజనం రెండూ ఉచితం. ఇంటర్ నుంచి పీజీ దాకా ఒక్కొక్కరి భోజనానికి ప్రభుత్వం ఇచ్చే డైట్ చార్జీలు నెలకు 1,500 ఉండేవి, 2024 చివర్లో 2,100 చేశారు. అంటే రోజుకు 70 రూపాయలు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, సీట్ల జాబితా వచ్చేలోపే కాలేజీ మొదలవుతుంది. భయపడి ప్రైవేటు హాస్టల్‌లో ఏడాది డబ్బులు ఒకేసారి కడతారు. నెల తర్వాత సీటు వస్తుంది, కట్టింది తిరిగి రాదు. అప్లికేషన్ పెట్టిన అమ్మాయి ప్రైవేటులో నెలవారీగానే చేరాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీసేవలో ముందే పెట్టుకోవాలి. జాప్యం ఎక్కువగా ఆదాయ పత్రం దగ్గరే.

అకౌంటెంట్: స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసే ఈపాస్ వెబ్‌సైట్ గురించి ఒక మాట. సంక్షేమ హాస్టల్‌లో ఉంటే మెయింటెనెన్స్ స్కాలర్‌షిప్ హాస్టల్ లెక్కలోకి పోతుంది, అమ్మాయి ఖాతాలో పడదు. కాలేజీకి అనుబంధమైన హాస్టల్‌లో ఉంటూ పొరపాటున డే స్కాలర్ అని నింపితే తక్కువ రేటు వస్తుంది. సబ్మిట్ చేసే ముందు ఆ ఒక్క గడి రెండుసార్లు చూసుకోవాలి.

వ్యాఖ్యాత: కరెంటు గురించి చాలా ఫిర్యాదులు వింటున్నాం.

అకౌంటెంట్: సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు 10 రూపాయలు తీసుకుంటున్నారనుకుందాం. రెండు కిలోవాట్ల గీజర్ పావుగంట వేస్తే అర యూనిట్, ఐదు రూపాయలు. రోజూ అయితే నెలకు 150. కూలర్ 200 వాట్లది, రాత్రి పది గంటలు నడిస్తే రెండు యూనిట్లు. నెలకు 600, ముగ్గురు పంచుకుంటే 200. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు సగటున ఒక యూనిట్ అనుకున్నా ఎనిమిది గంటలకు 80 రూపాయలు, నెలకు 2,400, మనిషికి 800. అసలు దెబ్బ ఇది కాదు. ఏసీ గది పేరుతో ఏడాదంతా నెలకు 1,500 అదనంగా తీసుకుంటారు. పన్నెండు నెలలకు 18,000. మన దగ్గర ఏసీ అవసరమయ్యేది మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకానే, అందులో సగం సెలవులే. మీటరు లెక్కన కడితే మనిషికి మూడు నెలలకు 2,400 అయ్యేదానికి అంత పోస్తున్నారు. నా మాట వింటే కూలర్ గది తీసుకోండి.

నిర్వాహకురాలు: సబ్ మీటరు ఉంటే చేరిన రోజు రీడింగ్ ఫోటో తీసుకోవాలె. పాతోళ్ల బాకీ కొత్తోళ్ల మీద పడేది అక్కడనే. సోలార్ వేడినీళ్లు ఉన్నయ్ అని చెప్తే వానకాలం ఏం చేస్తరో అడగండి. పొద్దున ఏడు దాటితే ట్యాంకుల వేడినీళ్లు అయిపోతయ్.

వ్యాఖ్యాత: కొన్నిచోట్ల జీఎస్టీ కూడా కలుపుతున్నారట?

అకౌంటెంట్: 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ 53వ సమావేశం దీన్ని స్పష్టం చేసింది. మనిషికి నెలకు 20,000 దాటని వసతి, వరుసగా 90 రోజులు తగ్గకుండా ఉంటే పన్ను లేదు. ఆ ఏడాది జూలై 15 నుంచి అమల్లో ఉంది. ఇక్కడి విద్యార్థినుల హాస్టళ్లు దాదాపు అన్నీ ఆ పరిమితి లోపలే. ఎవరైనా అడిగితే 15 అక్షరాల జీఎస్టీ నంబరుతో బిల్లు ఇవ్వమనండి. ఇవ్వలేకపోతే ఆ డబ్బు కట్టక్కర్లేదు.

వ్యాఖ్యాత: నర్సంపేట నుంచి ఒక తల్లి లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

తల్లి (ఫోన్‌లో): మా పాపకు భీమారం దిక్కు కాలేజీల డిగ్రీ సీటు వచ్చింది సార్. ఆడపిల్లలకు బస్సు ఫ్రీ గదా, రోజూ పంపుదామా, హాస్టల్ల వేద్దామా?

అకౌంటెంట్: 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహాలక్ష్మి కింద టికెట్ సున్నా కాబట్టి డబ్బుల లెక్కలో ఇంటి నుంచి పంపడమే మేలమ్మా. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ లాంటి ఒరిజినల్ కార్డు చేతిలో ఉండాలి. కానీ టైం లెక్క వేయండి. వరంగల్‌కే సుమారు 40 కిలోమీటర్లు, అక్కడ సిటీ బస్సు మారాలి. రోజుకు మూడు, మూడున్నర గంటలు దారిలోనే పోతాయి.

వార్డెన్: అమ్మా, ల్యాబులు ఉన్న కోర్సా?

తల్లి: బీకాం మేడం.

వార్డెన్: అయితే మొదటి సెమిస్టర్ ఇంటి నుంచి పంపి చూడండి. బీఎస్సీయో నర్సింగో అయితే హాస్టలే అనేదాన్ని. సాయంత్రం ఐదుకు ల్యాబ్ అయ్యాక బస్సు కోసం నిలబడితే ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. చదువుకు ఓపిక మిగలదు.

అకౌంటెంట్: పరీక్షలప్పుడు రెండు నెలలే హాస్టల్‌లో ఉంచాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. ఇందాక చెప్పిన 90 రోజుల మినహాయింపు అప్పుడు వర్తించదు. రేటు అన్నీ కలిపి ఎంతో ముందే మాట్లాడుకోండి.

వ్యాఖ్యాత: ముగ్గురు అమ్మాయిలు కలిసి పోర్షన్ తీసుకుని వండుకుంటే?

అకౌంటెంట్: కిరాయి 6,000, సరుకులు, కూరగాయలు, పాలు కలిపి 6,000, గ్యాస్, కరెంటు, మంచినీళ్లు, నెట్ కలిపి 2,100 అనుకుందాం. 14,100. తలకు 4,700. ఇంటి నుంచి బియ్యం తెచ్చుకుంటే ఇంకొంచెం తగ్గుతుంది. మనిషికి రోజుకు పావు కిలో చొప్పున ముగ్గురికి నెలకు 22 కిలోలకు పైగా కావాలి. కానీ మధ్యలో ఒకమ్మాయి వెళ్లిపోతే కిరాయి వాటా 2,000 నుంచి 3,000 అవుతుంది. ఓనర్‌కు ఇచ్చిన అడ్వాన్స్ ఎవరి పేరు మీద ఉందన్నది అప్పుడు తగవు. ముగ్గురి పేర్లూ రాసిన రసీదు తీసుకోవాలి.

వార్డెన్: గ్యాస్ విషయంలో మాత్రం బేరాలు వద్దు. స్టవ్ షాపుల్లో చిన్న సిలిండర్ నింపించుకోవడం చాలా ప్రమాదం, వాల్వ్ దగ్గర లీకైతే తెలియదు. గుర్తింపు కార్డు చూపిస్తే ఏజెన్సీలోనే ఐదు కిలోల సిలిండర్ ఇస్తారు, చిరునామా రుజువు అడగరు. కిలో లెక్కన పెద్ద సిలిండర్ కంటే ఖరీదే. అయినా అదే తీసుకోవాలి.

వ్యాఖ్యాత: తిండి నాణ్యతను ఎలా అంచనా వేయాలి?

నిర్వాహకురాలు: మెనూ కాగితం చూసి మోసపోవద్దు. సాయంత్రం ఏడున్నరకు చెప్పకుండ పోయి అన్నం చూడాలె, పప్పు గరిటెతోని తిప్పి చూడాలె. వారానికి గుడ్లు ఎన్ని, ఆకుకూర ఎన్నిసార్లు, పెరుగా మజ్జిగా అని అడగాలె. సర్కారు టోకున సరుకులు కొని కూడా రోజుకు 70 లెక్క కడుతున్నది. గసొంటిది ఎవరన్న మూడు పూటల తిండి, మంచం కలిపి 3,000కే ఇస్తం అంటే ఏదో ఒకటి కోస్తరు. గుడ్డు పోతది, లేకపోతె పాలల్ల నీళ్లు పెరుగుతయ్.

వార్డెన్: ఆ కోత మళ్లీ మన జేబు మీదే పడుతుంది. తినలేక నెలకు పన్నెండు రోజులు బయట 40 రూపాయల టిఫిన్ తింటే 480. అది కూడా హాస్టల్ ఖర్చే. ఎదిగే పిల్లలు వీళ్లు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన పద్దెనిమిదేళ్లు దాటిన ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. నీళ్ల చారు, తెల్లన్నంతో అది రాదు. రక్తం తగ్గి పరీక్షలప్పుడు కళ్లు తిరిగి పడిపోతే ఆస్పత్రి ఖర్చు ఏ రేటులో కలుపుతారు?

వ్యాఖ్యాత: భవనంలో ఏం చూడాలి?

వార్డెన్: మొదట గేటు. రాత్రి తాళం వేసేది లోపలి నుంచా, బయటి నుంచా? తాళంచెవి లోపల పడుకునే వార్డెన్ దగ్గర లేకపోతే ఆ హాస్టల్ ఎంత చవకైనా వద్దు. మంటలు లేస్తే కిటికీలకు గ్రిల్స్, మెట్లు ఒకటే, ఎటు పోతారు? ఇక గ్రౌండ్ ఫ్లోర్ గదులు. 2023 జూలై వానలకు నయీంనగర్ నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, హంటర్ రోడ్డు కాలనీలూ మునిగాయి. అలాంటి చోట కింది గది రేటు తగ్గించారంటే పక్కింటివాళ్లను అడిగి కారణం తెలుసుకోండి.

వ్యాఖ్యాత: చివరిగా అడ్వాన్స్. ఖాళీ చేశాక తిరిగి రాదనే మాటే ఎక్కువగా వింటాం.

నిర్వాహకురాలు: నెల ముందు నోటీసు అని అందరం పెట్టుకుంటం. నోటితోని చెప్తే చెప్పలేదంటరు. వాట్సాప్‌ల తేదీతోని పెట్టాలె. చేరినప్పుడు మంచం, ఫ్యాను, బీరువా, గోడలు ఫోటో తీసి అదే నంబరుకు పంపితే, పోయేటప్పుడు పెయింటింగ్ అని కోసుకోవడానికి ఉండదు.

అకౌంటెంట్: డబ్బు ఆన్‌లైన్‌లో కట్టి, నోట్‌లో "అడ్వాన్స్" అని, ఏ నెల కిరాయో ఆ నెల పేరు రాయండి. విద్యారుణం తీసుకునేవాళ్లకు బ్యాంకులో చూపడానికీ అదే పనికొస్తుంది. ఇవ్వకపోతే ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వేయవచ్చు. రసీదు, వాట్సాప్ నోటీసు, ఫోటోలు ప్రింట్ తీసి జతచేయాలి.