శస్త్రచికిత్స తరువాత నేను అనకూడని మాట

అధ్యక్షులకు, సభకు నమస్కారం. మూత్రపిండ క్యాన్సర్ శస్త్రచికిత్సలో వచ్చిన కొత్త పద్ధతుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ విషయం నాకన్నా చక్కగా చెప్పగల యువ వైద్యులు ఇక్కడే ఉన్నారు కనుక, ఆపరేషన్ తరువాతి సంవత్సరాల గురించి, వాటిలో నా పొరపాటు గురించి చెప్పుకోనివ్వండి.

ఒక ఉపాధ్యాయుడికి నేను కుడి మూత్రపిండం తొలగించాను. గడ్డ 6 సెంటీమీటర్లు, సిరలోకి పాకలేదు. ఇంటికి పంపుతూ, "మొత్తం తీసేశాం, ఇక మీకు భయం లేదు" అన్నాను. ఆయన 5 ఏళ్లు క్రమం తప్పకుండా పరీక్షలకు వచ్చారు. ఆపైన రానక్కరలేదన్నది కూడా నేనే. తొమ్మిదో ఏట దగ్గు పట్టుకుంటే మరో వైద్యుడి దగ్గర నెలల తరబడి మందులు వాడారు. పాత ఆపరేషన్ సంగతి ఆ వైద్యుడికి చెప్పనే లేదట. చివరకు స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి. ముక్క పరీక్షలో తేలింది అదే క్లియర్ సెల్ క్యాన్సర్, అంటే మూత్రపిండ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే రకం. ఎందుకు చెప్పలేదని అడిగితే, "అది అయిపోయిందన్నారు కదండీ" అన్నారు.

గడ్డను పూర్తిగా తీసినా, అంతకుముందే రక్తంలో కలిసి వెళ్లిన కణాలు ఏ స్కాన్‌కూ అందనంత చిన్నవిగా మరోచోట ఉండిపోవచ్చు. తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం మొదటి 3 ఏళ్లలోనే బయటపడతాయి కనుకనే తొలి రోజుల్లో పరీక్షలు దగ్గరదగ్గరగా పెడతాం. అయితే 10 ఏళ్లు దాటాక తిరిగి రావడం కూడా ఈ జబ్బులో తెలిసిన విషయమే. ఎక్కువగా ఊపిరితిత్తులకు, తరువాత ఎముకలకు, కాలేయానికి, మెదడుకు పాకుతుంది. చాలా ఏళ్ల తరువాత క్లోమంలోనూ కనిపిస్తుంది. అందుచేత పొట్టను మాత్రమే స్కాన్ చేసి ఛాతీని వదిలేస్తే ఆ పరీక్ష సగమే.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. క్రియాటినిన్ బాగుంది కనుక క్యాన్సర్ లేదని ఎందరో నిశ్చింతగా ఉంటారు. ఆ పరీక్ష మిగిలిన మూత్రపిండం ఎంత బాగా పనిచేస్తోందో చెబుతుంది, అంతే. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు పీఎస్ఏ అనే రక్తపరీక్ష ఉన్నట్టుగా, ఈ క్యాన్సర్ తిరిగి వచ్చిందని ముందుగా చెప్పగల నమ్మకమైన రక్తపరీక్ష రోజువారీ వైద్యంలో ఇంకా లేదు.

తిరగబెట్టే ముప్పు ఎక్కువగా ఉన్న క్లియర్ సెల్ రోగులకు ఆపరేషన్ తరువాత ఇచ్చేందుకు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందుకు, అంటే శరీర రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి మళ్లించే మందుకు, అమెరికాలో 2021 నవంబరులో అనుమతి లభించింది. దాని గురించి వివరంగా చెబుదామని కాగితాలు తెచ్చుకున్నాను గానీ, ఆ మందు ఎవరికి అవసరమో తేల్చే పాథాలజీ రిపోర్టే, అంటే తీసిన గడ్డను పరీక్షించి ఇచ్చే నివేదికే, రోగి దగ్గర లేకపోతే మనం ఏం నిర్ణయించగలం? యువ వైద్యులారా, డిశ్చార్జి కాగితంలో "మూత్రపిండం తొలగించబడినది" అని రాసి ఊరుకోకండి. జబ్బు ఎంతవరకు పాకిందో చెప్పే దశ, కణాలు ఎంత ఉధృతమైనవో చెప్పే గ్రేడు, తరువాతి స్కాన్ తేదీ కూడా రాయండి. ఏ జబ్బుకు ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లినా ఈ కాగితం ముందు చూపించమని రోగికీ, వెంట వచ్చినవారికీ చెప్పండి.

ఆ ఉపాధ్యాయుడు చికిత్స మొదలైన రోజున, "ఈసారి ఎన్నేళ్లు రావాలండీ?" అని అడిగారు. నేను లెక్క చెప్పలేదు. తరువాత రావలసిన తేదీ ఒక్కటే కాగితం మీద రాసి ఇచ్చాను.