ఎక్కడి అడుగులు, ఎవరి నేరం

శ్రోతలకు నమస్కారం.

వార్తల్లో తప్పుల ప్రస్తావన వస్తే చాలామంది అచ్చుతప్పులు ఏకరువు పెడతారు. ఒత్తు పోయిందనీ, దీర్ఘం ఎగిరిపోయిందనీ. వాటితో నాకు పెద్ద పేచీ లేదు. 'ప్రభుత్వం' అనబోయి 'ప్రభుత్యం' అని పడితే చదివేవారు తామే దిద్దుకుని ముందుకు పోతారు. అక్షరాలన్నీ కుదురుగా ఉండి అర్థం అడ్డం తిరిగిన వార్తతోనే చిక్కు. అందులో తప్పుందన్న సంగతే పాఠకుడికి తెలియదు, ఇక దిద్దుకునేదెలా?

వరదల రోజులు తీసుకోండి. టీవీ తెర అడుగున 'ఉగ్రరూపం దాల్చిన గోదావరి, 53 అడుగులకు నీటిమట్టం, మూడో ప్రమాద హెచ్చరిక' అని అక్షరాలు పరుగెడతాయి. ఎక్కడ 53 అడుగులు? భద్రాచలం దగ్గర. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర లెక్క వేరు. అక్కడ ఆ మూడూ 11.75, 13.75, 17.75 అడుగులు. ఊరి పేరు లేని ఆ వార్త చూసి కోనసీమ లంకలో ఉన్న రైతు ఏం చేయాలి? గొడ్లను ఏటిగట్టు మీదికి ఈ రాత్రే తోలాలా, తెల్లవారేదాకా ఆగవచ్చా? అతనికి కావలసింది ఆ ఒక్క ఊరి పేరు. చోటు చాలలేదని దాన్నే కొట్టేసి, 'ఉగ్రరూపం' మాత్రం భద్రంగా ఉంచుతారు. గోదావరికి ఏటా ఆ రూపం తప్పడం లేదు పాపం.

నీళ్ల వార్తల్లోనే ఇంకొకటి. క్యూసెక్కు ప్రవాహానికి కొలత, సెకనుకు ఒక ఘనపుటడుగు. టీఎంసీ నిల్వకు కొలత, వంద కోట్ల ఘనపుటడుగులు. సుమారు 11,574 క్యూసెక్కుల నీరు ఒక రోజంతా ఆగకుండా పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఇంత మాత్రం తెలిసిన, వార్తలు దిద్దే సబ్ ఎడిటర్ 'జలాశయంలో 2 లక్షల క్యూసెక్కుల నీరు నిల్వ ఉంది' అన్న వాక్యాన్ని గడప దాటనివ్వరు. విలేకరి అధికారిని అడిగి తెచ్చిన అంకె సరైనదే. దానికి తగిలించిన మాట దాన్ని పాడు చేసింది. అదే, 'శ్రీశైలానికి 2 లక్షల క్యూసెక్కులు వస్తున్నాయి, అంటే రోజుకు 17 టీఎంసీల పైచిలుకు. పూర్తి నిల్వ దాదాపు 215 టీఎంసీలు' అని రాస్తే, జలాశయం నిండడానికి ఇంకెన్నాళ్లు పడుతుందో చదివేవారే లెక్క కట్టుకుంటారు. శాతాల సంగతీ ఇంతే. వడ్డీ రేటు 6 నుంచి 8 శాతానికి పెరిగితే 'రెండు శాతం పెంపు' అని శీర్షిక పెట్టేస్తారు. కట్టేవారి వడ్డీ పెరిగింది మూడో వంతు.

నేర వార్తల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు ఓపిక నశిస్తుంది. శీర్షికలో 'హంతకుడి అరెస్టు'. మొదటి పేరాలో 'నిందితుడు'. చివరి పేరాలో 'అనుమానితుణ్ణి ప్రశ్నిస్తున్నామని సీఐ తెలిపారు'. ఒకే మనిషి, ఒకే వార్త, మూడు హోదాలు! నేరం రుజువైందని కోర్టు చెప్పేదాకా అతను దోషి కాడు. పోలీసుల ప్రెస్ నోట్‌లోని 'నేరం అంగీకరించాడు' అన్న వాక్యం యథాతథంగా పత్రికకెక్కుతుంది. పోలీసుల ముందు ఒప్పుకున్నంత మాత్రాన ఆ ఒప్పుకోలు కోర్టులో నేరానికి రుజువు కాదని ఆ పక్కనే ఒక ముక్క రాసేవారేరీ?

ఈ వాక్యం వినండి. 'చిట్టీల డబ్బుతో పరారైన వ్యాపారి తమ్ముణ్ణి పోలీసులు అరెస్టు చేశారు.' పరారైంది వ్యాపారా, తమ్ముడా? రాసినవారికి కథంతా తెలుసు కనుక అనుమానం రాలేదు. ఊళ్లో ఆ తమ్ముడి దగ్గర సరుకు కొనేవారికి వస్తుంది. 'వ్యాపారి చిట్టీల డబ్బుతో పరారయ్యాడు. అతని తమ్ముణ్ణి పోలీసులు అరెస్టు చేశారు' అని రెండుగా విరిస్తే పోయేది. రేడియోకు వార్తలు రాసేవారు ఇలాంటి వాక్యాలను వెంటనే పసిగడతారు. వినేవారికి వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకునే వీలు లేదు కదా. పత్రికల డెస్కులోనూ అనుమానం వచ్చిన వాక్యాన్ని ఒకసారి పైకి చదివితే చాలావరకు బయటపడుతుంది.

లైంగిక దాడి బాధితుల విషయంలో రాతలో అజాగ్రత్త నిర్లక్ష్యాన్ని దాటి నేరమే అవుతుంది. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ పేరు ఒక్కటే వద్దని ఊరుకోలేదు, మనిషిని గుర్తుపట్టించే వివరం ఏదీ అచ్చువేయకూడదంది. మనవాళ్లు పేరు దాస్తారు. ఊరూ, అమ్మాయి చదివే తరగతీ, బస్టాండు దగ్గర తండ్రి నడిపే టీకొట్టూ రాస్తారు. ఆ ఊరివాళ్లకు ఇంక తెలియనిదేముంది?

దిద్దవలసిన మనిషి ఏమయ్యాడంటే, తగ్గిపోయాడు. సీసపు అక్షరాలు కూర్చే కాలంలో విలేకరి రాత సబ్ ఎడిటర్ దిద్దాక కంపోజింగ్‌కు వెళ్లేది. ఆ తర్వాత తప్పులు చూసుకోవడానికి తీసే నకళ్లు, గ్యాలీ ప్రూఫ్, పేజీ ప్రూఫ్. అప్పుడూ తప్పులు వచ్చాయి, ఆ రోజుల్ని ఆకాశానికెత్తను. అయినా వార్త నలుగురి కళ్లు దాటి రావాల్సి వచ్చేది. కంప్యూటర్లు వచ్చాక ముందుగా పోయింది ప్రూఫ్ రీడర్ కుర్చీ. ఇప్పుడు మండల విలేకరి ఫోనులో టైపు చేసి వాట్సాప్‌లో పంపుతాడు. చాలాచోట్ల అతనికి నికరమైన జీతం లేదు. అటు డెస్కులో వార్త దిద్దేదీ, శీర్షిక పెట్టేదీ, పేజీ కట్టేదీ ఒక్కరే. పాత్రికేయ విద్యార్థుల చేత వాక్యం దిద్దించడానికి భాషావేత్త బూదరాజు రాధాకృష్ణ ఏళ్ల తరబడి శ్రమపడ్డారు. నేర్చుకున్నవారు లేకపోలేదు, వాళ్ల చేతిలో వ్యవధి లేదు. అందుకే నేను విలేకరిని తిట్టను. ఆ కుర్చీలు తీసేసిన యాజమాన్యాలనే అడగాలి.

వెబ్‌సైట్లది మరో తీరు. పొద్దున 'హత్య' అని పెట్టిన వార్త సాయంత్రానికి 'అనుమానాస్పద మృతి' అయిపోతుంది. మార్చినట్టు ఎక్కడా ఉండదు. దిద్దుకోవడం మంచిదే. ఎన్ని గంటలకు ఏ మాట మార్చారో వార్త అడుగున ఒక్క వరుస రాయడానికి ఖర్చేమీ కాదు. పొద్దుటి శీర్షికను ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పంచినవారు సాయంత్రం మళ్లీ వచ్చి చూడరు. అందులో పేరు పడిన మనిషి, ఇది పాత వార్తండీ అని చెప్పుకోవడానికి చూపించగలిగేది ఆ ఒక్క వరుసే.

నమస్కారం.