పగవాడికిచ్చిన మాట

సభకు నమస్కారం.

దేశాల మధ్య నీతి అనే మాట ఎత్తగానే, అది పుస్తకాల్లో ఉండవలసిన విషయమనీ, ప్రభుత్వాలు నడిచేది ప్రయోజనాల మీదనేననీ చెప్పేవారు మనలో చాలామంది ఉన్నారు. వారికి సిద్ధాంతాలతో జవాబు చెప్పడం కంటే ఒక పాత బాకీ సంగతి చెప్పడం మేలని నాకు తోచింది. ఆ బాకీ 55 కోట్ల రూపాయలు.

విభజన పంపకాల్లో, అవిభక్త భారత ఖజానాలోని నగదు నిల్వ నుంచి పాకిస్తాన్‌కు రావలసిన వాటా 75 కోట్ల రూపాయలుగా తేలింది. అందులో 20 కోట్లు ముందే ముట్టాయి. మిగిలిన 55 కోట్లు చెల్లించవలసిన సమయానికి కాశ్మీరులో పోరు సాగుతోంది. ఇప్పుడు ఇచ్చిన డబ్బు తూటాలై మన సైనికుల మీదికే తిరిగి వస్తుందన్న భయం ప్రభుత్వంలో ఉండేది. కాశ్మీరు సంగతి తేలేదాకా చెల్లింపు కుదరదని సర్దార్ పటేల్ గట్టిగా నిలబడ్డారు. ఈ వాదనను స్వార్థమని తోసిపుచ్చేవారితో నేను ఏకీభవించను. సరిహద్దులో ప్రాణాలొడ్డుతున్న సైనికుడి పట్ల హోంమంత్రికి బాధ్యత ఉంది, అదీ ధర్మమే. ధర్మానికీ అధర్మానికీ మధ్య పోటీ అయితే ఎంచుకోవడం ఎవరికైనా తెలుస్తుంది. రెండు ధర్మాలు ఎదురుపడినప్పుడే పాలకుడి వివేకానికి పని పడుతుంది.

1948 జనవరి 13న గాంధీజీ ఢిల్లీలోని బిర్లా భవనంలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. అది కేవలం ఆ 55 కోట్ల కోసమేనన్న ప్రచారం ఇప్పటికీ ఉంది గాని, ఢిల్లీలో ముస్లింల ప్రాణాలకు రక్షణ, మతాల మధ్య సఖ్యత ఆ దీక్షకు ప్రధాన కారణాలు. అయితే ఆ సొమ్మును బిగబట్టడం గౌరవప్రదం కాదని అప్పటి గవర్నర్ జనరల్ మౌంట్‌బాటెన్ భావించారు, గాంధీజీ మనసులోనూ అదే ఉంది. జనవరి 15న ప్రభుత్వం చెల్లింపుకు నిర్ణయించింది. 18న దీక్ష ముగిసింది. 30న ఆయన్ను చంపేశారు.

ఆ నిర్ణయం సరైనదేనని నేను నమ్ముతాను. అన్నదమ్ములు పంపకాలు చేసుకున్నాక, పొలం గట్టు దగ్గర తగాదా వచ్చిందని తమ్ముడి వాటా ధాన్యాన్ని అన్న తన గాదెలోనే ఉంచుకుంటే ఊరి పెద్దలు ఒప్పుకోరు. గట్టు తగాదా గట్టు దగ్గరే తేలాలి. పైగా ఆ జనవరి 1నే మనం కాశ్మీరు విషయమై ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసి ఉన్నాం. న్యాయం కోరి వెళ్లినవాడి చేతిలో ఎదుటివాడి సొమ్ము ఉండడం ఆ ఫిర్యాదుకు బలం చేకూర్చదు.

కానీ మూడు నెలలు తిరగకుండానే మరో పరీక్ష వచ్చింది. నీటి పంపకంపై ఉన్న తాత్కాలిక ఒప్పందం మార్చి 31తో ముగియగానే, తూర్పు పంజాబ్ ప్రభుత్వం 1948 ఏప్రిల్ 1న మాధోపూర్, ఫిరోజ్‌పూర్ హెడ్‌వర్క్స్ (నదీజలాలను కాలువలకు మళ్లించే కట్టడాలు) నుంచి పాకిస్తాన్ వైపు పారే కాలువలకు నీరు ఆపేసింది. గడువు ముగిసింది కాబట్టి చట్టరీత్యా తప్పు లేదని వాదించవచ్చు. ఆ కాలువ చివర ఎండుతున్న పొలం రైతుకు మాత్రం కాశ్మీరు యుద్ధంతో ఏ సంబంధమూ లేదు. మే 4న ఢిల్లీలో ఆ నీటిపై ఒప్పందం కుదిరింది.

దిగువన ఉన్నవాడి దిగులు మన తెలుగువారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. కర్ణాటకలో కృష్ణపై ఉన్న ఆలమట్టి ఆనకట్ట ఎత్తును 519.6 మీటర్ల నుంచి 524.256 మీటర్లకు పెంచుతారన్న మాట వినబడిన ప్రతిసారీ కృష్ణా ఆయకట్టు రైతు గుండె జారుతుంది. అదే భయాన్ని పాకిస్తాన్‌లోకి పారే చీనాబ్ నది దిగువ రైతులోనూ గుర్తించగలగడం, విదేశాంగ నీతికి తొలి మెట్టని నేను అనుకుంటాను.

ఆ భయానికి జవాబుగానే ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వంతో, 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సింధు జలాల ఒప్పందంపై సంతకాలు చేశారు. రావి, బియాస్, సట్లెజ్ మనకు. సింధు, జీలం, చీనాబ్ ప్రధానంగా వారికి. 1965, 1971, 1999 యుద్ధాలన్నిటినీ దాటి అది నిలిచింది. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపిన మర్నాడు, మన ప్రభుత్వం దాన్ని నిలిపివేసినట్టు ప్రకటించింది. చనిపోయినవారి ఇళ్లలోని దుఃఖం ముందు నదీ న్యాయం గురించి మాట్లాడడం ఎంత కష్టమో నాకు తెలుసు. హంతకులను, వారిని పోషించినవారిని శిక్షించే హక్కు దేశానికి పూర్తిగా ఉంది. చర్చలు ఆపడం, ఒప్పందాన్ని సవరించాలని పట్టుబట్టడం రాజ్యం చేతిలోని న్యాయమైన సాధనాలే. నీటినే ఆయుధం చేయాలన్న కోరికను మాత్రం నేను సమర్థించలేను. ఆ దెబ్బ తుపాకీ పట్టినవాడి కంటే ముందు నాగలి పట్టినవాడికి తగులుతుంది.

ఆ ఏడాది ఆగస్టులో జమ్మూ దగ్గర తావి నదికి భారీ వరద వచ్చింది. ఒప్పందం నిలిపివేతలోనే ఉంది, ఆ ఒప్పందం కింద రెండు దేశాలకూ కలిపి ఏర్పడిన సింధు కమిషన్ ద్వారా సమాచారం వెళ్లే దారి మూసుకుపోయింది. అయినా ఇస్లామాబాద్‌లోని మన హైకమిషన్ ద్వారా, మానవతా దృష్టితో, దిగువనున్న పాకిస్తాన్‌కు వరద హెచ్చరిక పంపించారు.