సిబిల్ స్కోరు చూపించే యాప్ ఏడాది ఫ్రీగా వాడాను: ‘జంట స్కోరు’ నమ్ముకుని బ్యాంకుకు వెళ్తే ఏమైందంటే

నమస్తే అండి. వెనకాల గ్రైండర్ చప్పుడు వస్తే ఏమీ అనుకోకండి, మా అత్తయ్య రేపటికి దోసెల పిండి రుబ్బుతున్నారు. పోయిన వీడియోలో ఆ గ్రైండర్ గురించే పద్నాలుగు నిమిషాలు మాట్లాడానని కామెంట్లలో తిట్టారు. ఈసారి రుబ్బాల్సింది వేరే ఉంది.

స్క్రీన్ మీద కనిపిస్తోంది కదా, ఈ యాప్ వాళ్ళు నాకు ఫ్యామిలీ ప్లాన్ ఒక ఏడాది ఉచితంగా ఇచ్చారు. డబ్బులేమీ ఇవ్వలేదు. ‘ఉన్నది ఉన్నట్టు చెప్పండి’ అన్నారు. చెప్తాను మరి, తర్వాత బాధపడకూడదు. ప్లాన్ ధరెంత, అందులో ఏమేం వస్తాయి, ఇవన్నీ వేరే ఛానళ్ళలో చూసే ఉంటారు కాబట్టి వదిలేస్తున్నా. మేం తిరుపతి పక్కన అవిలాల వైపు 45 లక్షలకు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూసుకున్నాం. నా సిబిల్, అంటే అప్పులు ఎంత సరిగా కట్టామో చెప్పే మార్కులు, 784. మా ఆయనది 612. ఆ పరిస్థితిలో ఇది మాకు ఎంత పనికొచ్చింది, ఎక్కడ ముంచింది, అదే ఈ వీడియో.

ముందు నచ్చింది చెప్తా. యాప్‌లో కనిపించే సిబిల్ రిపోర్టులో ఒక్కో లోను కింద నెలల వారీగా చిన్న గళ్ళు ఉంటాయి. 36 నెలల వరకు కనిపిస్తుంది. సమయానికి కట్టిన నెలలో 000. ఆలస్యమైతే ఎన్ని రోజులైందో ఆ అంకె. బ్యాంకు సమాచారం పంపని నెలలో ఎక్స్ ఎక్స్ ఎక్స్. ఇంతకుముందు నేను వాడిన యాప్‌లో ఇవి చీమ తలకాయంత ఉండేవి, వేలితో లాగి లాగి చూడాల్సి వచ్చేది. ఇందులో పెద్దగా, రంగులతో, సంవత్సరాల వారీగా ఉన్నాయి. ఇది చేసినవాళ్ళకు దండం పెట్టాలి.

ఒక రాత్రి మా ఆయన పాత క్రెడిట్ కార్డు గళ్ళు ఇద్దరం కూర్చుని చదివాం. 2022 జూన్ 000. జూలై 030. ఆగస్టు 061. సెప్టెంబరు 092. ఆయన జూన్ గడి మీద వేలు పెట్టి, ‘ఇది నాన్నను వేలూరు ఆస్పత్రిలో చేర్చిన నెల’ అన్నారు. కార్డు గీకింది అక్కడే. తర్వాత మూడు నెలలు మొబైల్ షాపు సరిగా తెరవలేదు. 90 రోజులు దాటితే బ్యాంకు లెక్కలో అది మొండి బాకీ. బ్యాంకుకు కనిపించేది మాత్రం ఆ 092 ఒక్కటే, వేలూరు కనిపించదు.

ఆ తర్వాత వసూలు వాళ్ళు ఫోన్ చేసి, 41,000 బాకీకి 18,000 కట్టేయండి, సెటిల్ చేసేస్తాం అన్నారు. కట్టేశారు. మనవైపు ‘సెటిల్ అయిపోయింది’ అంటే ఎంత నిశ్చింతగా ఉంటుందో తెలుసు కదా, పంచాయితీ తెగింది, మనశ్శాంతి అని. సిబిల్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అంటే దానికి పూర్తి వ్యతిరేకం. వీళ్ళు పూర్తిగా కట్టలేదు, మేమే కొంత వదులుకున్నాం అని అవతలి వాళ్ళు రాసిపెట్టిన మాట అది. పూర్తిగా కడితే పడేది ‘క్లోజ్డ్’. నాలుగేళ్ళు మా ఆయన ఆ అప్పు తీరిపోయిందనే అనుకున్నారు.

ఇప్పుడు తిట్టబోతున్నా.

ఈ యాప్‌లో ‘జంట స్కోరు’ అని ఒకటుంది. భార్యాభర్తల స్కోర్లు కలిపి ముల్లు ఊగుతూ ఒక అంకె దగ్గర ఆగుతుంది. మాది 698. పసుపు రంగు, కింద నవ్వే బొమ్మ, ‘ఇద్దరూ కలిసి ప్రయత్నించండి’ అని సలహా. ఆ ముల్లును నమ్మి రెండు చోట్ల ఇంటి లోనుకు జాయింటుగా అప్లై చేశాం. రెండు చోట్లా మా ఆయన రిపోర్టు దగ్గరే ఆగిపోయింది. పైగా అప్లై చేసిన ప్రతిసారీ ఎంక్వైరీ పడుతుంది కదా, నా 784 కాస్తా 771కి దిగింది. మన స్కోరు మనం చూసుకుంటే తగ్గదు, లోను ఇచ్చేవాళ్ళు చూస్తే పడే ఎంక్వైరీలే లెక్కలోకి వస్తాయి. ఆయన పాత తప్పుకు నా మార్కులు పోయాయని ఒక పూట అన్నం తినలేదు నేను, దాచడమెందుకు.

మూడోసారి తిరుచానూరు రోడ్డులోని ఒక బ్రాంచికి వెళ్ళి, ఫోను తీసి ఆ 698 చూపించాను. అక్కడి ఆఫీసరు కళ్ళజోడు పైకెత్తి చూసి, ‘మేడమ్, మనుషులకు పెళ్ళవుతుంది గానీ సిబిల్‌కు అవదు. ఎవరిది వాళ్ళదే’ అన్నారు. సగటు తీసే పద్ధతే లేదట. ఆ తర్వాత అడిగిన ప్రశ్న చూడండి: ‘అగ్రిమెంటు ఎవరి పేరు మీద రాసుకున్నారు?’

ఇద్దరి పేరు మీదా, అడ్వాన్సు 2 లక్షలిచ్చి. అక్కడే ఉంది చిక్కు. ఇంటికి ఓనర్లుగా ఉన్నవాళ్ళందరూ లోనులో కూడా ఉండాలంటాయి బ్యాంకులు మామూలుగా. మా ఆయన పేరు రిజిస్ట్రేషన్‌లో ఉంటే ఆయన 612 కూడా ఫైల్లోకి వచ్చి కూర్చుంటుంది. ఫ్లాటు నా ఒక్కదాని పేరు మీదైతే, నా జీతం, నా స్కోరు మీదే నడుస్తుంది. ఇంత ముఖ్యమైన ప్రశ్న ఏడాదిలో ఒక్కసారైనా ఈ యాప్ నన్ను అడగలేదండీ! పుట్టినరోజు అడిగింది, కారు ఉందా అడిగింది, పొద్దున్నే సుప్రభాతం టైములో ‘మీకు పర్సనల్ లోను సిద్ధం’ అని మోగింది. అగ్రిమెంటు ఎవరిపేరని మాత్రం అడగలేదు.

బిల్డరును బతిమాలుకుని పాత అగ్రిమెంటు రద్దు చేయించి నా పేరుతో కొత్తది రాయించాం. దీనికీ ఒక ధర ఉంది. ఇద్దరి ఆదాయం చూపిస్తే ఫ్లాటు ధరలో 80 శాతం, అంటే 36 లక్షల దాకా వచ్చేది. నా 58,000 జీతానికి 30 లక్షలే ఇచ్చారు, 20 ఏళ్ళు, 8.5 శాతం, ఈఎంఐ 26,035. తక్కువైన 6 లక్షలకు మా ఆయన చీటీ పాడారు. ఇంకోటి, ఆయన ఓనరూ కాదు, లోనులోనూ లేరు కాబట్టి వడ్డీ మీద పన్ను మినహాయింపు ఆయనకు రాదు.

మధ్యలో బస్టాండు దగ్గర ఒక ఏజెంటు ‘సిబిల్ చూడం, 11 శాతానికి ఇప్పిస్తా’ అన్నాడు. అదే 30 లక్షలకు ఈఎంఐ 30,966. నెలకు 4,931 ఎక్కువ, 20 ఏళ్ళకు 11.83 లక్షలు. టీ తాగి వచ్చేశాం.

ఇక ఆ ‘సెటిల్డ్’ సంగతి. మిగిలిన 23,000 కట్టి, బాకీ లేదని లెటరు తీసుకుని, సిబిల్ సైట్లో ఫిర్యాదు పెట్టాం. యాప్‌లో కాదు, నేరుగా. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున మనకివ్వాలని రిజర్వు బ్యాంకు రూలు, 2024 ఏప్రిల్ నుంచి ఉంది. మాకు 26వ రోజున ‘క్లోజ్డ్’ అని మారింది. ఆ నాలుగు రోజులు ఆగుంటే 100 చొప్పున వచ్చేదని మా ఆయన బాధ! గళ్ళలోని 092 మాత్రం చెరగలేదు, అది నిజమే కాబట్టి చెరగదు కూడా. స్కోరు ఇప్పుడు 655. మెల్లగా ఎక్కుతోంది.

డబ్బు పెట్టి కొనాలా అంటారా? సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అని మన అప్పుల లెక్కలు రాసుకునే సంస్థలు నాలుగున్నాయి. ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచి ఇదే పద్ధతి. మూడు నెలలకొకటి తీసుకున్నా ఏడాది గడిచిపోతుంది. నేనైతే ప్లాన్ పొడిగించట్లేదు. రెండు స్టార్లు ఇస్తున్నా, రెండూ ఆ గళ్ళకే. జంట స్కోరు తీసేస్తే మూడోది ఆలోచిస్తా, యాప్ వాళ్ళు వింటుంటే.

గ్రైండర్ ఆగింది, అత్తయ్య ఇటే వస్తున్నారు. రిజిస్ట్రేషన్ అయినప్పటి నుంచి ఆవిడది ఒకటే మాట, ‘అయితే ఇల్లంతా నీ పేరు మీదేనా?’ అని. వేలూరు బిల్లు సంగతి మాత్రం ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు. ఈ వీడియో ఆవిడ ఫోన్లోకి ఎవరూ పంపకండి, ప్లీజ్.