నెల తక్కువ బిడ్డకి బొద్దుతనం తొందర వద్దు

(విజయనగరంలో తల్లులతో, ఆశా అక్కలతో మాట్లాడినది)

ఏడో నెలలో పుడితే బతుకుతాడు, ఎనిమిదో నెలలో పుడితే బతకడు అని మన వైపు ఇప్పటికీ అంటారు. అది తప్పమ్మా, నెలలు నిండేదాకా కడుపులో ఎన్ని రోజులు ఎక్కువ ఉంటే బిడ్డకి అంత బలం. నేను చెప్పేది 32 వారాలు నిండకుండానే పుట్టి, బాక్సులో నెలా రెండు నెలలు ఉండి ఇంటికొచ్చిన పిల్లల సంగతి.

ముందు వయసు లెక్క సరిచేసుకోండి. 30 వారాలకి పుట్టిన బిడ్డ పది వారాలు ముందొచ్చినట్టు. అంటే పుట్టి ఆరు నెలలైనా మనం మూడున్నర నెలల బిడ్డలాగే చూడాలి. రెండేళ్ళు వచ్చేదాకా ఇదే లెక్క. పక్కింటి బిడ్డ కూర్చుంటున్నాడు, మావాడు కూర్చోడం లేదని సగం టెన్షన్ ఈ లెక్క వెయ్యకపోవడం వల్లే.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ బరువు పెరగాల్సిందే, కిలోకి రోజుకి 15 నుంచి 20 గ్రాములు, అంటే 1,200 గ్రాముల బిడ్డకి రోజుకి 18 నుంచి 24 గ్రాములన్నమాట, చూడ్డానికి చిటికెడే కానీ మెదడు అప్పుడే వేగంగా ఎదుగుతుంది, తిండి చాలకపోతే నష్టం తర్వాత చదువులో కనబడొచ్చు. అందుకే తల్లిపాలు, బిడ్డని గుండెలకి ఆనించుకుని పడుకోబెట్టుకునే కంగారూ పద్ధతి. ఈ పద్ధతి కొలంబియాలో 1978లో మొదలైంది, ఖర్చు లేనిది, నాన్న కూడా చెయ్యొచ్చు (సిగ్గుపడకండి బాబూ).

చిక్కంతా తర్వాతే. ఏడాది దాటాక బిడ్డ సన్నగా ఉన్నాడని బిస్కెట్లు, పంచదార పాలు, డబ్బా పొడులు కూరేస్తారు. పొడుగు పెరగకుండా ఒళ్ళు మాత్రం వచ్చేస్తే, పెద్దయ్యాక బీపీ, షుగరు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఈ పిల్లలకి ఆ ముప్పు ముందే కొంత ఉంది, ఎందుకంటే కిడ్నీలో రక్తం వడపోసే గొట్టాల్లో సగానికి పైగా కడుపులో చివరి మూడు నెలల్లోనే తయారవుతాయి, ముందే పుట్టేస్తే అవి తక్కువ పడతాయి. అందుకే ఇలాంటి పిల్లలకి మూడేళ్ళ లోపే బీపీ చూడమంటారు. మన దగ్గర చిన్నపిల్లల బీపీ ఎవరు చూస్తున్నారు చెప్పండి, అడిగితే తప్ప పట్టీ కూడా తియ్యరు.

చోడి (రాగి) జావ, పప్పు, గుడ్డు చాలు. బరువొక్కటే కాదు, పొడుగు, తల చుట్టుకొలత కూడా కార్డులో రాయించండి.

వెనకాల కూర్చున్న అమ్మమ్మా, ఇందాకట్నించి తల అడ్డంగా ఊపుతున్నారు, మీ మాటేంటో ముందు చెప్పండి.